దెబ్బ తగిలి ఇంటికొచ్చిన కేడెట్ దగ్గర స్కాలర్‌షిప్ వసూలు చేస్తారా?

సంపాదకులకు నమస్కారం.

నేను నౌకాదళంలో పదిహేనేళ్లు చేసి పెట్టీ ఆఫీసర్‌గా రిటైరైనవాణ్ణి. మర్రిపాలెంలో ఉంటాను. ఇప్పుడు ఒక ప్రైవేటు కంపెనీలో సెక్యూరిటీ సూపర్‌వైజర్‌ని. మా పెద్దబ్బాయి సైన్యంలో ఆఫీసర్ శిక్షణకు వెళ్లి, అక్కడ గాయపడి, మెడికల్ బోర్డు (సైనిక డాక్టర్ల బృందం) డిశ్చార్జి చేయగా తిరిగొచ్చాడు. వాడు వచ్చిన కొన్నాళ్లకు, శిక్షణకు వెళ్లినప్పుడు చదువు సాయం కింద ఇచ్చిన స్కాలర్‌షిప్ మొత్తం వెనక్కి కట్టమని మా ఇంటికి నోటీసు వచ్చింది. ఇలాంటి పిల్లలు ఇంకా ఉన్నారు కాబట్టి, ఉంటారు కాబట్టి, ఈ సంగతి పదిమందికీ తెలియాలని రాస్తున్నాను.

అబ్బాయి ఐదో టర్మ్‌లో (ఒక్కో టర్మ్ ఆర్నెల్లు) ఉండగా అడ్డంకుల పరుగులో తాడు మీద నుంచి పడ్డాడు. నడుం దగ్గర వెన్నుపూస చిట్లింది. మిలిటరీ ఆసుపత్రిలో డాక్టర్లు, నర్సులు కన్నబిడ్డలా చూసుకున్నారు. వాళ్ల రుణం తీర్చుకోలేను. నెలల తరబడి మంచం మీదే ఉన్నాక లేచి నడిచాడు గానీ, తూకం మోయడం, పరుగెత్తడం ఇక కుదరదన్నారు. ముందు ‘లో మెడికల్ కేటగిరీ’లో, అంటే పూర్తి ఆరోగ్యం లేనివాళ్ల జాబితాలో పెట్టారు, తర్వాత బోర్డు కూర్చుంది. గాయం శిక్షణ వల్లే కలిగిందని బోర్డు కాగితాల్లో స్పష్టంగా రాశారు. ఈ మాట రాయడం చాలా ముఖ్యం. అది లేకపోతే ఎక్స్‌గ్రేషియా, అంటే గాయానికి కేంద్రం నెలనెలా ఇచ్చే భృతి రాదు. ఇప్పుడు వాడు నడుముకు బెల్టు కట్టుకుని క్లాసులో కూర్చుంటున్నాడు. ఇంట్లో బిందెడు నీళ్లు ఎత్తబోతే వాళ్లమ్మ పరుగెత్తుకొచ్చి లాక్కుంటుంది.

బయటివాళ్లకు తెలియని సంగతి ఒకటి చెప్పాలి. కేడెట్లు చిన్నాచితకా దెబ్బలు చాలావరకు దాచేస్తారు. సిక్ రిపోర్టులో ఎక్కువ రోజులుంటే రెలిగేట్ చేసి జూనియర్ టర్మ్‌లో వేస్తారని భయం. కాలు వాచినా బూటు బిగించి పరుగెడతారు. అలాంటి పిల్లవాడు శిక్షణ వదిలేసి వచ్చాడంటే వాడి ఇష్టం మీద వచ్చి ఉంటాడా?

నోటీసు సంగతికొస్తాను. అది ముందే అచ్చువేసి పెట్టుకున్న ఫారం. మా వాడి పేరు, మొత్తం మాత్రం పెన్నుతో నింపారు. ‘కమిషన్ (ఆఫీసర్ హోదా) పొందనందున’ అని మొదలుపెట్టి, కారణాల కింద వరసగా గళ్లు ఇచ్చారు. స్వచ్ఛందంగా మానుకొనుట, క్రమశిక్షణ చర్య, చదువులో ఉత్తీర్ణత లేకపోవుట, ఇతర కారణములు. మా వాడికి టిక్కు పెట్టింది చివరి గడిలో. లక్షా ఎనభై వేలు, గడువు అరవై రోజులు, గడువు దాటితే వడ్డీ. గాయం అనే మాట ఆ కాగితంలో ఎక్కడా లేదు. మెడికల్ బోర్డు కాగితాల నకళ్లు పట్టుకుని, నోటీసు పంపిన స్కాలర్‌షిప్ ఆఫీసుకు వెళ్తే అక్కడి గుమస్తా సానుభూతిగానే చదివి, “మీరు చెప్పింది నిజమే సార్, కానీ మా రూల్స్‌లో అనారోగ్యానికి మినహాయింపు లేదు. ఆడిట్‌లో మేం దొరికిపోతాం” అన్నాడు. ఆయన మీద నాకు కోపం లేదు. ఆ రూల్ రాసినవాళ్లు గాయపడే పిల్లవాడి గురించి ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదన్నదే నా బాధ.

ప్రజల డబ్బుకు లెక్క ఉండాల్సిందే. మిలిటరీ నచ్చక మధ్యలో ఇంజినీరింగ్ సీటు చూసుకుని వచ్చేసినవాడి దగ్గర వసూలు చేయండి, నేనేమీ అనను. కేంద్రం పెట్టుకున్న నిబంధన కూడా అంతే చెబుతుంది. ఎన్‌డీఏ (నేషనల్ డిఫెన్స్ అకాడమీ) పరీక్షకు యూపీఎస్సీ ఇచ్చే నోటిఫికేషన్ చివరి పేజీల దాకా ఓపికగా చదివితే అందులో కనబడుతుంది. తన అధీనంలో ఉన్న కారణంతో అభ్యర్థి శిక్షణ మధ్యలో మానేసినా, ఇచ్చిన కమిషన్ తీసుకోకపోయినా, చదువు, తిండి, బట్టలు, అలవెన్సుల ఖర్చులో ప్రభుత్వం నిర్ణయించినంత తిరిగి కట్టాలి. అందుకే తల్లిదండ్రుల చేత బాండు రాయించుకుంటారు. అదే చోట తల్లిదండ్రులు సంతకం చేయాల్సిన మరో కాగితం సంగతి కూడా ఉంటుంది. శిక్షణలో గాయమైనా, ఆపరేషన్ వికటించి ప్రాణం పోయినా పరిహారం అడగబోమని ఒప్పుకునే కాగితం. నేను రెండిటి మీదా సంతకం చేశాను. గాయమైతే నేను ప్రభుత్వాన్ని అడగకూడదని రాసిచ్చాను కదా, అదే గాయానికి నన్ను డబ్బు అడగడం ఏ న్యాయం?

పైగా ఆ బాండు సంగతి ఇప్పటికీ తేలలేదు. మా వాడి డిశ్చార్జి ఆర్డరు వచ్చింది. బాండు రద్దయిందని మాత్రం కాగితం రాలేదు. ఫోన్ చేస్తే “మీకేం ఇబ్బంది ఉండదు, టెన్షన్ పడకండి” అంటారు. నోటిమాటతో ఏం చేసుకోను? హామీ సంతకం పెట్టిన మా బావమరిది చిన్న వ్యాపారి. అతను లోన్ కోసం బ్యాంకుకు వెళ్లాలన్నా, ఈ బాండు సంగతి ఏమైంది బావా అని నన్నే అడుగుతాడు.

ఈ మధ్య ఈ పిల్లల విషయంలో కొంత మంచి జరిగిందని ఒప్పుకోవాలి. 2024 జనవరిలో రక్షణ శాఖ, మెడికల్ బోర్డు పంపేసిన కేడెట్లకు కూడా మాజీ సైనికుల పునరావాస పథకాలు వర్తిస్తాయని ప్రకటించింది. ఏటా పది నుంచి ఇరవై మంది ఇలా బయటికొస్తున్నారని, అలాంటివారు మొత్తం 500 మంది దాకా ఉన్నారని అప్పుడే చెప్పారు. 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు, జస్టిస్ బి.వి.నాగరత్న, జస్టిస్ ఆర్.మహదేవన్ ధర్మాసనం, పత్రికలో వచ్చిన వార్త చూసి తనంతట తానే కేసు చేపట్టింది. ఆ నెల 29 నుంచి వీళ్లకు ఈసీహెచ్‌ఎస్ (మాజీ సైనికులకు కార్డు మీద వైద్యం అందించే పథకం) వైద్యం వచ్చింది. కమిషన్ రాకముందే బయటికొచ్చారు కాబట్టి వీళ్లను మాజీ సైనికులుగా లెక్కించరు. అందుకే అంతదాకా ఆ కార్డుకు నోచుకోలేదు. పదిహేనేళ్లు చేసిన నాకు కార్డు ఉంది. నా కార్డు మీద ఆధారపడిన కొడుక్కి పాతికేళ్లు వచ్చేదాకానే మామూలుగా వైద్యం. ఆ తర్వాత వాడి నడుము ఎవరు చూస్తారా అని నిద్రపట్టని రాత్రులు మాకే తెలుసు. ఆ బెంగ తీర్చినవాళ్లకు చేతులెత్తి దండం పెడుతున్నాను.

ఇక ఎక్స్‌గ్రేషియా. నెలకు 9,000, దానికి తోడు నూటికి నూరు శాతం వైకల్యం ఉంటే 16,200, శాతం తగ్గితే అదీ తగ్గుతుంది. వీటి మీద డీఏ వస్తుంది. మా వాడికి వచ్చేది ఫిజియోథెరపీకి, మందులకు, కాలేజీ ఫీజుకు సరిపెట్టుకుంటున్నాం. దాంట్లోంచి లక్షా ఎనభై వేలు ఎక్కడ తీయమంటారు? ఒక చేత్తో కేంద్రం గాయానికి భృతి ఇస్తుంటే, ఇంకో చేత్తో ఇంకో ఆఫీసు అదే గాయానికి జరిమానా వేస్తోంది.

చదువు నష్టం వేరే ఉంది. రెండేళ్లకు పైగా అక్కడ చదివినా చేతిలో డిగ్రీ లేదు. ఇక్కడ మళ్లీ ఫస్టియర్‌లో చేరాడు. పక్కన కూర్చునేవాళ్లు వాడికంటే మూడేళ్లు చిన్న. యూజీసీ 2021లో అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ తెచ్చింది. ఒక చోట సంపాదించిన క్రెడిట్లు ఇంకో చోట వాడుకోవచ్చన్నది దాని ఉద్దేశం. గాయపడి వచ్చిన కేడెట్ల కంటే దాని అవసరం ఎవరికుంటుంది? అడ్మిషన్ల దగ్గర మార్కుల కాగితాలు చూపిస్తే “ఇది మా సిలబస్ కాదండీ” అనే మాటే వినబడింది.

మన ఊళ్లో ఈ విషయం ఎందుకు పట్టించుకోవాలంటే, తూర్పు నౌకాదళం ఇక్కడుంది. ఆర్కే బీచ్‌లో నేవీ విన్యాసాలు చూసి ఇంటికెళ్లిన పిల్లల్లో కొందరు మర్నాడే అమ్మానాన్నలను కోచింగ్ సంగతి అడుగుతారు. పక్క జిల్లాలో కోరుకొండ సైనిక్ స్కూల్ ఉంది. 2025 మేలో ఎన్‌డీఏ నుంచి మొదటిసారి 17 మంది ఆడపిల్లలు పాసయ్యాక మా కాలనీలో అమ్మాయిలూ తయారవుతున్నారు. వాళ్ల నాన్నలు వచ్చి, “మీ అనుభవం చూశాక పంపమంటారా?” అని నన్నడుగుతారు. పంపండనే చెబుతున్నాను. మా అబ్బాయి కూడా అదే చెబుతాడు. వాళ్లకు ఏ కాగితం మీద సంతకం పెడుతున్నారో కూడా చెప్పాల్సి వస్తోంది.

నేను కోరేది పెద్దదేమీ కాదు. డిశ్చార్జి ఆర్డరు ఇచ్చిన రోజే, బాండు చెల్లదనీ బకాయి ఏమీ లేదనీ ఒక కాగితం కేడెట్ చేతిలో పెట్టాలి. రాష్ట్రంలో సైనిక శిక్షణకు వెళ్లే పిల్లలకు స్కాలర్‌షిప్ ఇచ్చే ప్రతి సంస్థా, ప్రభుత్వానిదైనా ట్రస్టుదైనా, ఆ ఫారంలో మెడికల్ బోర్డు డిశ్చార్జికి విడిగా ఒక గడి పెట్టి, దాని ఎదురుగా ‘వసూలు లేదు’ అని అచ్చువేయాలి. ఇప్పటికే కట్టిన కుటుంబాలు ఉంటే వాళ్ల డబ్బు వాళ్లకివ్వాలి.

నోటీసు నకలు, బోర్డు కాగితాల నకళ్లు ఈ ఉత్తరంతో జతచేశాను. మా అబ్బాయి పేరు అచ్చువేయవద్దని మనవి. ఇవే కాగితాలు ఎంపీ గారికి, కలెక్టర్ గారికి కూడా పంపుతున్నాను. ఇలాంటి నోటీసు వచ్చిన తల్లిదండ్రులు ఇంకెవరైనా ఉంటే మీ పత్రికకు రాయాలని కోరుతున్నాను. అందరం కలిసి ఒకే అర్జీ పెట్టుకుంటాం.

ఇట్లు,
ఒక మాజీ నావికుడు,
మర్రిపాలెం, విశాఖపట్నం