లేజర్ కొన్నారు, చిల్లర్‌ను మరిచారు

సంపాదకులకు నమస్కారం.

ఈ వేసవిలో నా పూర్వ విద్యార్థిని పరిశోధన చేస్తున్న ఒక విశ్వవిద్యాలయానికి వెళ్లాను. కోట్లు పోసి తెచ్చిన ఫెంటోసెకను లేజర్ మీద ప్లాస్టిక్ షీటు కప్పి ఉంది. లేజర్‌కు ఏ జబ్బూ లేదు. దాన్ని చల్లబరిచే చిల్లర్ చెడిపోయి నాలుగు నెలలైందట. మరమ్మతు ఖర్చు ఏ పద్దు కింద రాయాలో తేలక ఫైలు తిరుగుతోంది.

చిల్లరే కదా అనేవారికి ఒక్క మాట. సెకనును కోటి కోట్ల ముక్కలు చేసి, అందులో ఒక ముక్కను మళ్లీ పది చేస్తే వచ్చేది ఫెంటోసెకను. మన కంట్లోని రెటినాల్ అణువు వెలుగు తగలగానే సుమారు 200 ఫెంటోసెకన్లలో మెలి తిరుగుతుంది. దాన్ని పట్టుకోవాలంటే లేజర్ వదిలే ఒక పల్సు, అంటే అతి చిన్న కాంతి మెరుపు, అణువును తట్టాలి, వెనకే రెండోది వచ్చి చూడాలి. ఆ రెండింటి మధ్య ఎడం పెంచేది ఒక అద్దం. అది మైక్రానులో (మిల్లీమీటరులో వెయ్యో వంతు) సుమారు ఏడో వంతు వెనక్కి జరిగితే రెండో పల్సు ఒక ఫెంటోసెకను ఆలస్యమవుతుంది. ఇంత సున్నితమైన చోట గది ఒక డిగ్రీ వేడెక్కినా కిరణం దారి తప్పుతుంది.

పైగా ఒక్కో అణువుకు ఒక్కో రంగు కావాలి. ఈ తరహా ప్రయోగాల్లో ఎక్కువగా వాడే టైటానియం సఫైర్ లేజర్ సొంతంగా ఇచ్చేది ఎరుపు, దాని అవతలి కంటికి కనపడని కాంతి. మిగతా రంగుల కోసం ఆ కాంతిని ప్రత్యేక స్ఫటికాల గుండా పంపి, వాటి కోణం మారుస్తూ పోవాలి. ఇది చెయ్యి తిరిగిన టెక్నీషియన్ పని. ఆ పోస్టు అక్కడ ఖాళీ. మంగళవారం ఏసీ ఆగితే శుక్రవారం దాకా అద్దాలు సరిచేసుకోవడంతోనే సరిపోతుందని ఆ అమ్మాయి చెప్పింది.

ఈ అతివేగ లేజర్ల రంగానికి 1999లో, 2018లో, 2023లో నోబెల్ బహుమతులు వచ్చాయి. ప్రతిసారీ మనం చప్పట్లు కొట్టాం. కానీ 2022 జూలైలో ప్రభుత్వ పరిశోధన సంస్థలు కొనే పరికరాలకు ఉన్న 5 శాతం రాయితీ జీఎస్టీ రేటును ఎత్తేసి, చాలావాటిని 18 శాతంలోకి చేర్చారు. సర్కారు గ్రాంటు మీద సర్కారే పన్ను! ఏనుగును కొని అంకుశం దగ్గర బేరమాడటం మనకు అలవాటే.

నేను అడిగేది పెద్ద కోరికేమీ కాదు. లేజర్‌కు నిధులు మంజూరు చేసే కాగితంలోనే అయిదేళ్ల నిర్వహణను, కరెంటు ఖర్చును, ఒక టెక్నీషియన్ జీతాన్ని విడిగా రాయాలి. ఇండోర్‌లోని ఇండస్-2 సింక్రోట్రాన్‌ను (ఎలక్ట్రాన్లను వలయంలో తిప్పి తీక్షణమైన కాంతిని పుట్టించే యంత్రం) దేశంలోని విశ్వవిద్యాలయాల వారు దరఖాస్తు చేసుకుని వాడుకుంటున్నారు. ఈ లేజర్లనూ అలాగే తెరిస్తే జిల్లా కళాశాలల పిల్లలకూ వంతు వస్తుంది, ఖాళీగా పడి ఉండే రోజులు తగ్గుతాయి.

ఆ అమ్మాయి ఫెలోషిప్ గడువు వచ్చే మార్చితో ముగుస్తుంది. చిల్లర్ ఫైలు ఇంకా పరిపాలన భవనం రెండో అంతస్తులోనే ఉంది.

– ఒక విశ్రాంత భౌతికశాస్త్ర అధ్యాపకుడు, హనుమకొండ