మన బడిలో ఒగ్గు డోలు

తల్లిదండ్రులకు నమస్కారం.

శనివారం చివరి రెండు పీరియడ్లలో బడిలో డోలు చప్పుడు ఏమిటని మీలో చాలామంది అడుగుతున్నారు. మల్లన్న దేవుడి కథలను దరువుతో పాడి చెప్పే ఒగ్గు కళాకారులు మన మండలంలో ఉన్నారు. వాళ్ళే వచ్చి పిల్లలకు డోలు, తాళాలు, కథ నేర్పుతున్నారు. ఆరు నుంచి తొమ్మిదో తరగతి వరకు ఇష్టమున్నవాళ్ళు ఎవరైనా చేరవచ్చు, ఆడపిల్లలు కూడా. పదో తరగతి వాళ్ళను కలపలేదు కాబట్టి పరీక్షల టెన్షన్ అక్కర్లేదు.

సంక్రాంతి నుంచి ఉగాది లోపు ఏదో ఒక ఆదివారం కొమురవెల్లి మల్లన్న జాతరకు వెళ్ళని ఇల్లు మన దగ్గర తక్కువే. నేల మీద రంగు పొడులతో పట్నం ముగ్గు వేసి ఒగ్గు పూజారి కథ ఎత్తుకుంటే పెద్దలు కూర్చుని వింటారు, పిల్లలు బొమ్మల దుకాణాల వైపు పరుగెడతారు. అందులో వాళ్ళ తప్పేమీ లేదు. మల్లన్న భార్యలు గొల్ల కేతమ్మ ఎవరో, బలిజ మేడలమ్మ ఎవరో ముందుగా ఎవరైనా చెప్తే కదా కథ రుచి తెలిసేది!

ఈ క్లాసుకు పుస్తకం లేదు. కళాకారుల్లో పెద్దాయన ఒక చరణం పాడితే పిల్లలు వంత అందుకుంటారు. డోలుకు ఒక పక్క పుల్ల, ఇంకో పక్క అరచెయ్యి. మొదట్లో డోలు ముట్టనివ్వకుండా తొడ మీదే దరువు వేయించారు. ఏడో తరగతి అబ్బాయి ఒకడు తొందరపడి లయ తప్పుతుంటే పెద్దాయన ఏమీ అనలేదు. వాడి మణికట్టు పట్టుకుని తన చేత్తో పాటే ఆడించారు. కాసేపటికి దరువు వాడి చేతికి దొరికింది. పక్కన మనిషి ఉండి నేర్పితేనే వచ్చే విద్య ఇది, ఫోన్‌లో వీడియో చూస్తే రాదు.

"మావాడు డోలు కొట్టడమేంటి మేడం?" అని ఒకరిద్దరు అడిగారు. కురుమ, యాదవ కుటుంబాలు తరతరాలుగా నిలబెట్టుకొచ్చిన కళ ఇది. 2017లో కన్నుమూసిన చుక్క సత్తయ్య గారు మన జనగామ వైపు వారే. ఒగ్గు కథ చెప్పినందుకే ఆయన సంగీత నాటక అకాడమీ పురస్కారం అందుకున్నారు. తమ ఇళ్ళలో దాచుకున్న విద్యను అందరి పిల్లలకూ నేర్పడానికి ఈ పెద్దలు ఒప్పుకోవడం చిన్న విషయం కాదు. వాళ్ళను తక్కువ చేసే మాట ఏ ఇంట్లోనూ పిల్లల చెవిన పడకూడదని గట్టిగా కోరుతున్నాను.

ఈసారి వార్షికోత్సవంలో సినిమా పాటల డాన్సులు తగ్గించి, పిల్లలతో మల్లన్న కథలో ఒక ఘట్టం చెప్పిస్తాం. వంతకు మీరూ రావాలి. గొంతు బాగుండాలన్న నియమం లేదు. ఇంట్లో నానమ్మ, అమ్మమ్మ పాడే బతుకమ్మ పాటలు, వరి నాట్ల పాటలు రికార్డు చేసి, నోటుబుక్కులో రాసుకుని తెమ్మని పిల్లలకు చెప్పాం. మన చెరువు పేరో, వాడ పేరో వచ్చే పాట దొరికితే మరీ సంతోషం. పాడటానికి ఆ పెద్దవాళ్ళు సిగ్గుపడితే మీరే పక్కన కూర్చుని ఒక వరుస అందివ్వండి.

వాడకుండా పెట్టిన గొంగడి ఇంట్లో ఉంటే కథ కోసం పిల్లలతో పంపండి, కార్యక్రమం కాగానే తిరిగి ఇచ్చేస్తాం. కళాకారుల పారితోషికానికి తోచినంత ఇవ్వదలచినవారు ఆఫీసు గదిలో రశీదు తీసుకోండి. వచ్చే శనివారం మూడు గంటలకు వీలున్నవాళ్ళు వచ్చి పిల్లలతో పాటు కూర్చోండి.

ఇట్లు,
మీ ప్రధానోపాధ్యాయురాలు