పనపాకం దగ్గర లారీ ఆపిన డ్రైవరన్నకు కృతజ్ఞతలు

మా నాన్న ఇంటికి వచ్చేశారు. కాలికి రాడ్ వేశారు. హెల్మెట్ ఉండబట్టి తలకు ఏమీ కాలేదు. టెన్షన్‌తో ఫోన్లు చేసిన బంధువులకు, స్నేహితులకు ముందుగా ఈ మాట చెప్తున్నాను.

కాణిపాకంలో దర్శనం చేసుకుని స్కూటర్ మీద తిరుపతికి వస్తున్నాం. చంద్రగిరి ఇంకా రాలేదు, పనపాకం దగ్గర ఒక కారు వెనక నుంచి గుద్ది, ఆగకుండా వెళ్లిపోయింది. అప్పటికే చీకటి పడింది. నేను రోడ్డు పక్కన పడ్డాను, నాన్న రోడ్డు మధ్యలో పడ్డారు. వెనక బండ్లు వస్తూనే ఉన్నాయి. 100 స్పీడులో ఉన్న కారు ఒక్క సెకనులో దాదాపు 28 మీటర్లు దాటేస్తుంది. పడి ఉన్న మనిషి కనపడి బ్రేక్ మీద కాలు పడేలోపే అంత దూరం వచ్చేస్తుంది.

నాన్నను ఇంకో బండి తొక్కకుండా కాపాడింది తమిళనాడు లారీ డ్రైవరన్న. లారీని మాకు వెనకగా అదే వరుసలో ఆపి, ఇండికేటర్లన్నీ వేసి, క్లీనర్ తమ్ముడికి టార్చి ఇచ్చి ఇంకా వెనక్కి పంపాడు. జనం నాన్నను ఎత్తి ఆటోలో వేద్దామంటే సగం తమిళంలో, సగం తెలుగులో అరిచి ఆపాడు. నీళ్లు కూడా తాగించనివ్వలేదు. తన తువ్వాలు మడిచి, రక్తం కారుతున్న చోట గట్టిగా అదిమి పట్టుకుని 108 వచ్చేదాకా కదల్లేదు. సరుకు టైముకు చేర్చాల్సిన మనిషి ఆయన. హైవేలో ఏం జరిగినా లారీవాళ్లనే తిట్టే మనం ఇది తెలుసుకోవాలి.

గుద్దినవాళ్ల తొందర ఏమిటో నాకు అర్థం కాదు. చిత్తూరు నుంచి తిరుపతి సుమారు 70 కిలోమీటర్లు. దారంతా 100లో వచ్చినా, 80లో వచ్చినదానికంటే మిగిలేది పది నిమిషాలే. ఆ పది నిమిషాల కోసమా మా నాన్న కాలు?

108 సిబ్బందికి, రుయా ఆసుపత్రి డాక్టర్లకు, నర్సమ్మలకు, అడిగిన వెంటనే వచ్చి రక్తమిచ్చిన కాలేజీ పిల్లలకు చేతులెత్తి నమస్కారం. మా స్కూటర్‌ను, నాన్న ఫోన్‌ను ఇంట్లో దాచిపెట్టి, మరుసటి రోజు అన్నం పెట్టి మరీ అప్పగించిన టీ కొట్టు అక్కకు కూడా.

కేసు మెడకు చుట్టుకుంటుందని ఆ రాత్రి కొందరు దూరంగానే నిలబడ్డారు. వాళ్ల మీద నాకు కోపం లేదు. కానీ 2019లో మోటారు వాహనాల చట్టంలో 134ఎ సెక్షన్ చేర్చి, మంచి మనసుతో సాయం చేసినవాళ్లకు రక్షణ కల్పించారు. పేరు చెప్పమని కూడా బలవంతపెట్టకూడదు. హైవే మీద అయితే జాతీయ రహదారుల హెల్ప్‌లైన్ 1033కి ఫోన్ చేసినా పలుకుతారు.

డ్రైవరన్న పేరు అడిగే తీరిక ఆ రాత్రి మాకు దొరకలేదు. నాన్న లేచి కూర్చున్నప్పటి నుంచి ఆయన్నే అడుగుతున్నారు, ఇంటికి పిలిచి భోజనం పెట్టాలంటున్నారు. చెన్నై వైపు లారీలు నడిపేవాళ్లు మీకు తెలిసుంటే ఈ పోస్టు వాళ్లకు చదివి వినిపించండి. ఆయన ఎవరో తెలిస్తే మాకు చెప్పండి.