నీ ఎర్ర పెన్ను రాతలు, మా పాప పెన్సిల్ రాతలు

తిరుపతి,
నవంబరు, ఆదివారం రాత్రి

ఒరేయ్ మామా,

ఎట్లున్నావు? ఇక్కడ మూడు రోజులుగా ఒకటే ముసురు. మబ్బు కొండ మీదికి దిగి కూర్చుంది, ఏడుకొండల్లో ఒక్కటీ కనపడటం లేదు. పొద్దున గొడుగేసుకుని కపిలతీర్థం దాకా పోయొచ్చాను. జలపాతం ఎర్రమట్టి నీళ్ళతో దూకుతోంది, దూరం నుంచే చూసి వచ్చేశాను. మనం యూనివర్సిటీలో పీజీ చదివేటప్పుడు ఇట్లాంటి వానలోనే హాస్టల్ వరండాలో బజ్జీలు తింటూ ఒక పుస్తకం గురించి తెల్లార్లూ పోట్లాడుకున్నాం, గుర్తుందా? ఎప్పుడూ వాన కురిసే ఊరు, నెత్తురు తాగే జాతిలో పుట్టినా మనుషుల్ని ముట్టని కుర్రాడు ఎడ్వర్డ్, వాడి కోసం ప్రాణం పెట్టే పిల్ల బెల్లా. ‘ట్వైలైట్’. సప్తగిరి ఎక్స్‌ప్రెస్‌లో చెన్నై పోయి మూర్ మార్కెట్లో నాలుగు భాగాలూ బేరమాడి తెచ్చింది నువ్వే. హాస్టల్ ఖాళీ చేసేటప్పుడు నా ట్రంకుపెట్టెలో పడేసి పోయావు. అవి ఇప్పుడు అటక మీద నుంచి దిగాయి. మా ఇంట్లో నెల రోజులుగా అవే మాటలు.

దింపింది మా అన్న కూతురు. పాప అంటే నీకు చంటిబిడ్డే గుర్తుంటుంది, ఇప్పుడు ఇంటర్ రెండో సంవత్సరం. పదిహేడేళ్ళు, సరిగ్గా బెల్లా వయసు. కాలేజీ, ట్యూషన్, రికార్డులు, పరీక్షల టెన్షన్, ఇన్నిటి మధ్యా రెండు వారాల్లో నాలుగు భాగాలూ చదివేసింది. ఒకరోజు రాత్రి అన్నాలు తిన్నాక రెండో భాగం ‘న్యూ మూన్’ పట్టుకుని నా దగ్గరికొచ్చి, ‘చిన్నాన్నా, ఈ ఎర్ర పెన్ను ఎవరిది?’ అంది. మొహంలో కోపం.

చూద్దును కదా, నీ చేతిరాత. ఎడ్వర్డ్ వదిలేసి వెళ్ళిపోయాక వచ్చే పేజీలు గుర్తున్నాయా? అక్టోబరు అని ఒక పేజీ, తర్వాత నవంబరు, డిసెంబరు, జనవరి. నెల పేరు తప్ప పేజీలో ఇంకేం లేదు, అంతా తెలుపే. ఆ అక్టోబరు కింద నువ్వు రాశావు: ‘ఒకడు వదిలేసి పోతే ఇంత ఏడుపా? చేతకాని పిల్ల.’ దాని కిందే మా పాప పెన్సిల్‌తో, చిన్న అక్షరాలతో: ‘మీకెవరూ ఎప్పుడూ దూరం కాలేదా అండీ?’

నిజం చెప్తున్నా మామా, ఆ రెండు లైన్లూ ఒకదాని కింద ఒకటి చూసి చాలాసేపు నాకు మాట రాలేదు. అప్పుడు నేనూ నీ పక్షమే కదా.

అప్పట్లో నువ్వన్నది నాకింకా చెవుల్లో ఉంది. ‘ఈ పిల్లకు ఒక ఇష్టం లేదు, ఒక లక్ష్యం లేదు, నడిస్తే తట్టుకుని పడుతుంది, పడితే వాడొచ్చి లేపుతాడు. ఇదేం హీరోయిన్ రా?’ బడి పార్కింగులో వ్యాను మీదికొచ్చినా వాడే, పక్కనున్న పోర్ట్ ఏంజెలిస్ ఊళ్ళో వెధవలు చుట్టుముట్టినా వాడే కాపాడాలి. నీ మాటలో అబద్ధం లేదు. పుస్తకంలో ఉన్నదే చెప్పావు. నీలాగే లోకంలో చాలామంది అన్నారు. 2005లో మొదటి భాగం వచ్చినప్పటి నుంచీ ఆ పిల్లని తిట్టేవాళ్ళు ఒకవైపు, గుండెకు హత్తుకునే వాళ్ళు ఒకవైపు.

రచయిత్రి స్టెఫనీ మేయర్ ఈ మాటకు ఇచ్చిన జవాబు నీకు తెలుసో లేదో. పదేళ్ళయిన సందర్భంగా 2015లో అదే కథను ఆడా మగా తిరగేసి ‘లైఫ్ అండ్ డెత్’ అని రాసింది. బెల్లా బదులు బో అనే అబ్బాయి, ఎడ్వర్డ్ బదులు ఈడిత్ అనే అమ్మాయి. చుట్టూ ఉన్నవాళ్ళంతా మనుషుల్ని మించిన బలవంతులైనప్పుడు మామూలు మనిషి ఎవరైనా ఆపదలోనే పడతారు, అందులో ఆడా మగా లేదు అని ఆమె వాదన. ఇది చెప్తే పాప కాసేపు ఆలోచించి ఒక మాటంది: ‘అబ్బాయి పడితే అయ్యో పాపం అంటారు, అమ్మాయి పడితే చేతకానిది అంటారు. ఆ పెన్ను ఆయన కూడా బో గురించి అయితే ఇట్లా రాసుండడు.’ రాసుండేవాడివా? నిజం చెప్పు.

ఇక మా వదిన సంగతి. ఆమె చదవలేదు, పాప వంటింట్లో గట్టు మీద కూర్చుని రోజుకింత చెప్తుంటే విన్నది. సంగటి కెలుకుతూ, ఊరుబిండి నూరుతూ మొత్తం నాలుగు భాగాలూ విన్నది. మనం ఇన్నాళ్ళలో ఒక్కసారైనా పట్టించుకోని సంగతి పట్టింది. బెల్లా అసలు ఆ ఫోర్క్స్ ఊరికి ఎందుకొచ్చింది? వాళ్ళమ్మ మళ్ళీ పెళ్ళి చేసుకుంది, కొత్త మొగుడు బేస్‌బాల్ ఆడుతూ ఊళ్ళు తిరుగుతాడు, కూతురి కోసం అమ్మ ఇంట్లో ఉండిపోయి బెంగపడుతోంది. అది చూసి ఈ పిల్లే ‘నేను నాన్న దగ్గరికి పోతా’ అని ఎండ కాసే ఫీనిక్స్ వదిలేసి, తనకు ఇష్టం లేని వాన ఊరికి వచ్చింది. రాగానే ఏం చేసింది? నాన్నకు గుడ్లు వేయించుకోవడం తప్ప పెద్దగా వంట రాదని తెలిసి వంటిల్లు తన చేతిలోకి తీసుకుంది. ‘తల్లికి తనే తల్లి, తండ్రికి తనే తల్లి’ అంది వదిన. ‘ఇంత చేసిన పిల్లకి లక్ష్యం లేదంటారా? మీ మగపిల్లలకి వంటింట్లో జరిగేది కనపడదులే’ అంది.

వదినకి పంతొమ్మిదేళ్ళకే పెళ్ళయింది. డిగ్రీ మధ్యలో ఆగిపోయింది. ఆ మాటనేటప్పుడు ఆమె గరిటె ఆపలేదు, మా వైపు తిరగలేదు. నేను గడప దగ్గర నిలబడి వింటున్నాను. నాకు సిగ్గేసింది.

అందరూ వద్దన్నా బెల్లా తనకేం కావాలో తనే తేల్చుకుందని కూడా వదినకి ఇష్టం. ‘చేసింది ఒప్పో తప్పో, నిర్ణయం మాత్రం ఆ పిల్లది’ అంటుంది. పాపకు ఈ మాట సగమే నచ్చుతుంది. ఎందుకంటే పాపకు బెల్లా మీద కోపం లేదు, ఎడ్వర్డ్ మీద పీకలదాకా ఉంది.

రాత్రిళ్ళు వాడు కిటికీలోంచి వచ్చి ఆమె నిద్రపోతుంటే చూస్తూ కూర్చుంటాడు కదా, ఆమెకు తెలియకుండా. ఆ పేజీ దగ్గర పాప పెన్సిల్ ఎంత గట్టిగా నొక్కిందంటే కాగితం చిరిగింది. ‘చిన్నాన్నా, మా కాలేజీ గేటు నుంచి ట్యూషన్ దాకా ఒకడు రెండు నెలలు బండి మీద వెంటపడ్డాడు. వాడు కూడా ప్రేమ అనే అన్నాడు. వాడి గురించి చెప్తే మీరంతా ఏమన్నారు? మరి వీడు గదిలోకే వస్తే ఎందుకు ముచ్చటపడాలి?’ అంది. ఆ కుర్రాడి సంగతి ఇంట్లో మాకు తెలిసినప్పుడు అన్న మొదట అన్న మాట ‘రేపటి నుంచి నేనే దింపుతా’ అని. పాపను ఎవరూ ఏమీ అడగలేదు. ఆ సంగతి ఆమె మనసులో అలాగే ఉండిపోయిందని ఈ పుస్తకం వల్ల తెలిసింది.

మూడో భాగం ‘ఎక్లిప్స్’లో ఇంకా ఘోరం. స్నేహితుడు జేకబ్ దగ్గరికి పోకుండా బెల్లా పాత ట్రక్కు ఇంజన్లో ఒక భాగం ఊడదీస్తాడు. తర్వాత తను ఊళ్ళో లేనప్పుడు ఆమెను కదలనీయకుండా కాపలా ఉండడానికి చెల్లెలు ఆలిస్‌కి పోర్షె కారు లంచం ఇస్తాడు. మనమప్పుడు ఇది చదివి ‘ఎంత ప్రేమరా’ అనుకున్నాం మామా! పిల్లని తిట్టాం, వాణ్ణి ఒక్క మాట అనలేదు. ఎర్ర పెన్ను గీతలన్నీ వెతికాను, ఒక్కటంటే ఒక్కటీ వాడి మీద లేదు.

కానీ ఆ వెంటనే ఏం జరుగుతుందో గుర్తుందా? బడి ముందు జేకబ్ మోటారు సైకిల్ మీద వచ్చి నిలబడితే ఆమె కాపలా తప్పించుకుని ఆ బండెక్కి వెళ్ళిపోతుంది. నాకసలు గుర్తే లేదు. పాప ఆ పేజీ మూల మడతపెట్టి పెట్టుకుంది. చేతకాని పిల్ల చేసే పనేనా అది?

పాప స్నేహితురాలు ఒకమ్మాయి ఆదివారాలు వస్తుంది. ఆ పిల్లకు బెల్లా అంటే ప్రాణం. కారణం అడిగితే, ‘అందరు హీరోయిన్లకూ ఏదో ఒక విద్య వచ్చి ఉంటుంది అన్నా, ఈమె నాలాగే ఆటల పీరియడ్ అంటే భయపడుతుంది’ అంది. చాలా మెల్లగా చెప్పింది. పాప వెంటనే ‘అందుకే కదా రచయిత్రి ఆమెను ఖాళీగా వదిలింది, ఎవరైనా అందులో దూరిపోవచ్చని’ అంది. ఆ పిల్ల ‘దూరితే తప్పేంటి?’ అంది. నాకు ఆ పిల్ల మాటే నచ్చింది. చదివేవాళ్ళకి తల దాచుకునే చోటు ఇచ్చిన పుస్తకాన్ని ఆ కారణంతోనే తిట్టడం నాకు ఇప్పుడు కుదరదు.

ఆ రోజే గంగమ్మ మాట వచ్చింది. హీరోయిన్ అంటే మన ఊరి దేవత తాతయ్యగుంట గంగమ్మలా ఉండాలి అంది పాప. ఆడపిల్లల్ని చెరిచే పాలెగాణ్ణి వెతికి, రోజుకో వేషం కట్టి, ఆఖరికి దొర వేషంలో వాణ్ణి బయటికి రప్పించి నరికిందే, అట్లా. నాకు వెంటనే నువ్వు గుర్తొచ్చావు, గంగమ్మ జాతరప్పుడు మే నెల ఎండలో ఒళ్ళంతా తెల్ల సుద్ద పూసుకుని బైరాగి వేషంలో మా వీధికి వచ్చింది. మా అమ్మ పక్క గదిలోంచి అంతా వింటోంది. ‘పాలెగాణ్ణి చంపిన మర్నాడు గంగమ్మ ఏం చేసింది? అది కూడా చెప్పు’ అంది. మా అవ్వ చెప్పిన కథే. మర్నాడు మాతంగి వేషంలో పోయి ఆ పాలెగాడి పెళ్ళాన్ని ఓదార్చింది. ‘నరికింది అందరికీ గుర్తుంటుంది, ఓదార్చింది ఎవరికీ గుర్తుండదు’ అంది అమ్మ. నాలుగో భాగంలో బెల్లాకు వచ్చే శక్తి గురించి పాప చెప్పిన రోజు నుంచీ అమ్మకు ఆ పిల్ల మీద అభిమానం. ఆమెది చంపే శక్తి కాదు కదా, తనవాళ్ళందరి చుట్టూ ఒక డాలు పరిచే శక్తి. అది మాయగా రాకముందు కూడా ఆమె చేసింది అదే పని అంటుంది అమ్మ.

ఆ తెల్ల పేజీల దగ్గరికి మళ్ళీ వస్తాను, చెప్పాలనుకున్నది అదే. నాన్న పోయింది ఆగస్టులో, నీకు తెలుసు. మా ఇంట్లో దేవుడి పటం పక్కన నెలవారీ క్యాలెండరు వేలాడేది. పాలవాడి లెక్క, గ్యాస్ వచ్చిన తేదీ, అన్నీ అమ్మ దాని మీదే రాసేది. ఆ తర్వాత వచ్చిన సంక్రాంతికి ఇల్లు కడుగుతుంటే చూశాం, అది ఆగస్టు దగ్గరే ఉంది. సెప్టెంబరు నుంచి డిసెంబరు దాకా తిప్పి చూశాను. ఒక్క గీత లేదు, ఒక్క అంకె లేదు. పాలు వచ్చాయి, గ్యాస్ వచ్చింది, మేం తిన్నాం, అమ్మ తిరిగింది, మాట్లాడింది కూడా. కాగితం మాత్రం తెల్లగా ఉండిపోయింది. పాప ఆ నాలుగు పేజీలు చూపించినప్పుడు అమ్మ వేలితో ఆ తెలుపు తడిమి, ‘ఇది రాసినామెకు తెలుసు’ అని ఊరుకుంది.

ముప్ఫై ఏళ్ళ కాపురం ఒకటి, కొన్ని నెలల పరిచయం ఒకటీనా అని నువ్వంటావు. నేనూ అన్నాను. పాప ‘నొప్పికి సర్వీసు లెక్కేస్తారా చిన్నాన్నా?’ అంది.

కాబట్టి మామా, నేను నీ పక్షం వదిలేశాను. బెల్లా చేతకానిది కాదు. ఆమె ప్రేమించడంలో నాకు తప్పు కనపడటం లేదు, కుప్పకూలడంలోనూ లేదు. తప్పల్లా ఆ కుర్రాడి కాపలాకి ప్రేమ అని పేరు పెట్టి, ఆమె చేత ఇట్టే క్షమింపజేయడంలో ఉంది. అది రచయిత్రి తప్పు, ఆ పిల్ల నెత్తిన రుద్దడం అన్యాయం. ఇక్కడ వదినకీ నాకూ ఇంకా పడటం లేదు. క్షమించడం కూడా ఆ పిల్ల నిర్ణయమే అంటుంది ఆమె. నేను ఒప్పుకోను. నిన్న రాత్రి కూడా కరెంటు పోతే కొవ్వొత్తి పెట్టుకుని దీని మీదే కూర్చున్నాం.

నాలుగు పుస్తకాలూ ప్లాస్టిక్ కవరు చుట్టి రేపు పోస్టులో వేస్తున్నా. పాప నీకోసం రెండో భాగంలో నవంబరు పేజీ ముట్టుకోకుండా ఖాళీగా ఉంచింది, నీ జవాబు అక్కడే రాయాలంట. ఎర్ర పెన్ను మాత్రం వద్దంట. పెన్సిల్ కూడా ఆమే చెక్కి లోపల పెట్టింది.

సంక్రాంతికి వస్తావు కదా? వచ్చేటప్పుడు పుస్తకాలు మర్చిపోవద్దు. అమ్మ నిన్ను అడిగానని రాయమంది.

నీ,
మామ