మందుల షాపు అక్కకు కృతజ్ఞతలు

నాయనకు జ్వరం తగ్గింది. తెల్లవారుజామున పక్క తడిసిపోయేలా పట్టే చెమటలు ఆగాయి. ఈ సాయంత్రం వచ్చిన రక్తపరీక్ష రిపోర్టులో, ఒంట్లో ఇన్ఫెక్షన్ ఉంటే పెరిగే సీఆర్‌పీ మామూలు స్థాయికి దిగింది. డాక్టరు గారు అది చూసి, ఇదే కోర్సు పూర్తి చేయండి, మళ్లీ చేర్చక్కర్లేదు అన్నారు. ఇంటికొచ్చి నాయనకు సంగటి పెట్టి పడుకోబెట్టాను. ఒళ్లు పులిసిపోయి ఉంది, కళ్లు మండుతున్నాయి, అయినా నిద్ర రావట్లేదు. ఒక మనిషికి నలుగురిలో దండం పెట్టుకుంటే గానీ రాదనిపిస్తోంది. ఆమె పేరు పెట్టొద్దన్నారు కాబట్టి పెట్టడం లేదు. బెంగళూరులో మా వీధి చివర చిన్న మందుల షాపు నడిపే అక్క. కన్నడ ఆమె. తెలుగు కొంచెం కొంచెం వచ్చు.

జబ్బేమిటో చెప్పకపోతే ఆమె చేసిందేమిటో అర్థం కాదు. మాది కుప్పం దగ్గర పల్లె. నాయనకు ఆవులే లోకం. పోయినేడు ఒక ఆవు ఈసుకుపోయింది, అంటే నెలలు నిండకుండానే దూడను పడేసింది. దూడ తర్వాత పడాల్సిన మాయ పడకపోతే నాయనే చేతులతో తీశాడు. మా వైపు ఎవరైనా చేసే పనే అది. కొన్ని వారాలకు సాయంత్రమయ్యేసరికి జ్వరం, నడుము నొప్పి మొదలయ్యాయి. నాలుగు రోజులు బాగుంటాడు, మళ్లీ వస్తుంది. ఊళ్లో టైఫాయిడ్ అన్నారు. ఇక్కడికి తెచ్చి పెద్ద ప్రైవేటు ఆసుపత్రిలో చేరిస్తే, వెన్ను ఎమ్మారై చూసి మొదట టీబీ అనుకున్నారు. చివరికి బ్లడ్ కల్చర్‌లో బ్రూసెల్లోసిస్ అని తేలింది. పశువుల్లో ఈసుడు రోగం తెచ్చే బ్యాక్టీరియానే మనిషికీ వస్తుందట. 1887లో మాల్టా దీవిలో డేవిడ్ బ్రూస్ అనే సైనిక వైద్యుడు దీన్ని కనిపెట్టాడు, అందుకే ఆ పేరు. అది మన కణాల్లోపలే దూరి దాక్కుంటుంది. అందుకని మాత్రలు మామూలుగా ఆరు వారాలు, వెన్నుకు పాకితే మూడు నెలలకు తక్కువ కాకుండా వాడాలి. నాయనకు డాక్సీసైక్లిన్ రెండు పూటలా, రిఫాంపిసిన్ పొద్దున పూట రాశారు.

డిశ్చార్జి చీటీలో ఉన్నవి ఈ రెండు మాత్రలే కాదు. నడుము కోసం ఎముకల డాక్టరు రాసిన కాల్షియం ఉంది. రక్తం తక్కువుందని ఇంకో డాక్టరు రాసిన ఐరన్ ఉంది. కడుపులో మంటకు తెల్లటి సిరప్ ఉంది. వీటికి తోడు, రోగనిరోధక శక్తికి మంచిదని మా బంధువు ప్రేమగా తెచ్చిన జింక్ డబ్బా. నర్సమ్మ మాత్రలన్నీ రెండు కవర్లలో వేసి, ఇవి పొద్దున టిఫిన్ తర్వాత, ఇవి రాత్రి అన్నం తిన్నాక అని చెప్పింది. అలాగే వేశాం, ఒక్క పూట కూడా తప్పకుండా. మొదట్లో తగ్గిన జ్వరం ఇంటికొచ్చిన కొన్నాళ్లకు మళ్లీ తలెత్తింది. ఆసుపత్రికి ఫోన్ చేస్తే, మందుకు లొంగట్లేదేమో, మళ్లీ చేర్చి ఇంజెక్షన్లు మొదలుపెట్టాల్సి రావచ్చు అన్నారు. అడ్వాన్సు ఎంత కట్టాలో కూడా ఆ ఫోన్‌లోనే చెప్పారు. ఆ రాత్రి మా ఇంట్లో ఎవరూ సరిగ్గా అన్నం తినలేదు.

మర్నాడు సాయంత్రం మాత్రలు అయిపోవస్తున్నాయని ఆ షాపుకి వెళ్లాను. కొంచెం నడిస్తే నడుము పట్టు వదులుతుందని నాయననూ వెంట తీసుకెళ్లాను. చీటీ ఇచ్చి, జింక్ కూడా ఇంకో డబ్బా ఇవ్వమన్నాను. ఆమె చీటీ పైనుంచి కిందికి చదివారు. మళ్లీ చదివారు. కళ్లద్దాలు పైకి తోసుకుని, "ఇవన్నీ ఏ టైముకి వేస్తున్నారమ్మా?" అని అడిగారు. చెప్పాను. వెంటనే లోపల్నుంచి ఎర్ర ప్లాస్టిక్ స్టూలు తెచ్చి బయట వేసి, "అప్పాజీ, కూర్చోండి" అన్నారు. వెనక నిలబడ్డ వాళ్లతో కన్నడలో ఐదు నిమిషాలు ఆగమన్నారు. తర్వాత నన్ను కాదు, నాయనను అడగడం మొదలుపెట్టారు. పొద్దున లేవగానే ఏం తాగుతారు? రాగిజావా? పాలు పోసా? మాత్ర ఎన్ని నీళ్లతో మింగుతారు? వేసుకోగానే పడుకుంటారా?

ఇక్కడ ఒక మాట చెప్పాలి. అన్ని రోజులు ఆసుపత్రిలో ఉంటే నాయనతో నేరుగా మాట్లాడిన వాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఆయన మంచం మీదుంటే ఆయన తల మీదుగా ఇంగ్లీషులో నాతో మాట్లాడేవారు. నాయన పైకప్పు చూస్తూ పడుకునేవాడు. అలాంటి మనిషి ఆ స్టూలు మీద కూర్చుని, అడిగినదానికల్లా జవాబు చెప్పి, అడగకుండానే ఆవు సంగతి, మాయ తీసిన సంగతి, తన వల్ల ఇంటిల్లిపాదీ అప్పులపాలవుతున్నారన్న బెంగ, అన్నీ ఆమెకు చెప్పేశాడు. ఆ బెంగ ఆయన మాతో ఎప్పుడూ అనలేదు. ఆమె కౌంటరు మీదికి వంగి, తనకొచ్చిన తెలుగులో, "మీ తప్పు ఏం లేదు అప్పాజీ. మందు మంచిదే. మీ ఒళ్లూ మంచిదే. మధ్యలో అడ్డం పడుతున్నాయి అంతే" అన్నారు. నాకు అక్కడే ఏడుపొచ్చేసింది. షట్టరు పక్కకి తిరిగి కొంగుతో తుడుచుకుంటుంటే ఆమె చూసీ చూడనట్టు ఉన్నారు. అదీ ఒక మర్యాదే.

ఆమె చెప్పిందాన్ని నాకు అర్థమైనంత రాస్తాను, ఎవరింట్లోనైనా అవసరం పడొచ్చు. కాల్షియం, ఐరన్, జింక్, మెగ్నీషియం, అల్యూమినియం ఇవన్నీ లోహాలు. డాక్సీసైక్లిన్ మాత్ర కడుపులో వీటిని కలిస్తే రెండూ గట్టిగా అతుక్కుపోతాయి. అతుక్కున్నది పేగులోంచి రక్తంలోకి పోలేదు, అలాగే బయటికి పోతుంది. "బీఎంటీసీ బస్సు తలుపు దగ్గర ఇద్దరు చేతులు పట్టుకుని అడ్డంగా నిలబడితే లోపలికి ఎక్కగలరా?" అన్నారు. పైగా రిఫాంపిసిన్ తనంతట తానే డాక్సీని రక్తంలో కొంత తగ్గిస్తుందట. జబ్బుకు ఆ రెండూ కలిపి ఇవ్వాల్సిందే, కానీ ముందే తగ్గేదాన్ని ఇవన్నీ కూడా పట్టుకుంటే ఇంక మిగిలేదెంత? కడుపు మంట సిరప్ వెనక్కి తిప్పి చూపించారు, అందులో ఉన్నది అల్యూమినియం, మెగ్నీషియమే. సిప్రోఫ్లాక్సాసిన్, లీవోఫ్లాక్సాసిన్ లాంటి యాంటీబయాటిక్స్‌కీ ఇదే గొడవ ఉందట. సిప్రో అయితే కాల్షియం, ఐరన్ లాంటి వాటికి రెండు గంటల ముందైనా వేసుకోవాలి, ఆరు గంటల తర్వాతైనా వేసుకోవాలి. అన్ని యాంటీబయాటిక్స్‌కూ ఇలా కాదు, అమోక్సిసిలిన్‌కి ఈ బాధ లేదు అని కూడా చెప్పారు. రాగిజావ గురించి నాకు భయమేసింది, నాయన ప్రాణం అదే కదా. వంద గ్రాముల రాగుల్లో మూడు వందల మిల్లీగ్రాముల పైనే కాల్షియం ఉంటుంది. ఆమె నవ్వి, "తాగనివ్వండి. డాక్సీకి పాలు, తిండి వల్ల పెద్ద నష్టం లేదు. దాంతోనే మాత్ర మింగొద్దు, మాత్రకు నీళ్లే, నిండు గ్లాసు. వేసుకున్నాక అరగంట పడుకోవద్దు, గొంతులో ఇరుక్కుంటే పుండు పడుతుంది" అన్నారు.

నేనడిగిన జింక్ డబ్బా అమ్మలేదు. ఎదురుగా అలమారలో వరసగా ఉన్నాయి. అమ్మితే డబ్బులు ఆమెకే. "ఇప్పుడు వద్దు, డాక్టరు చెప్తే అప్పుడు చూద్దాం" అన్నారు. తనంతట తాను ఒక్క మాత్ర కూడా మార్చలేదు, ఆపమనలేదు. చీటీ మీదున్న నంబరుకి నా చేతే ఫోన్ చేయించి, ఎవరో జూనియర్ ఎత్తితే ఫోన్ తను తీసుకుని మాట్లాడారు. అటువైపు నుంచి ఓపీకి రండి, ఓపీకి రండి అంటున్నట్టు నాకే వినిపిస్తోంది. ఆమె గొంతు పెంచకుండా, పెద్ద డాక్టరు గారికి ఈ ఒక్క ప్రశ్న చేరవేయండి, రాత్రి లోపు పిలవమనండి అని చెప్పిందే చెప్పారు. షాపు మూసే టైము దాటినా షట్టరు సగం దించి మాతోపాటే ఉండిపోయారు. ఆ మధ్యలో మాత్రల పట్టీలన్నీ విడదీసి, డాక్సీ, రిఫాంపిసిన్‌లను పచ్చ రబ్బరు బ్యాండుతో, లోహాలున్నవన్నీ ఎర్ర రబ్బరు బ్యాండుతో కట్టారు. నాయనకు తెలుగు చదవడం వచ్చని తెలుసుకుని, మందుల అట్టపెట్టె ఒకటి చింపి నా చేతికిచ్చి, టైములు తెలుగులో పెద్దక్షరాలతో రాయమన్నారు. ఆ అట్ట ఇప్పుడు మా ఫ్రిజ్ మీద ఉంది. "ఊట ఆయ్తా?", భోజనమైందా అని నన్నడిగి, కాలేదంటే తన డబ్బాలో మిగిలిన చిత్రాన్నం మా ఇద్దరికీ పెట్టారు. ఎవరమ్మా మేము ఆమెకి?

డాక్టరు గారు రాత్రి ఫోన్ చేశారు. విన్న వెంటనే ఒప్పుకుని మార్చారు, అందుకు ఆయనకూ నమస్కారం. కాల్షియం మధ్యాహ్నం భోజనంతో మాత్రమే, రెండు డాక్సీలకూ దూరంగా. ఐరన్ కోర్సు అయ్యేదాకా పూర్తిగా ఆపేయమన్నారు. డాక్సీ పేగులోకి మళ్లీ మళ్లీ తిరిగొస్తుంటుంది కాబట్టి ఐరన్‌ను ఎడంగా వేసినా కొంత దెబ్బ తప్పదట. అదీగాక ఇలా ఇన్ఫెక్షన్ చాలాకాలం ఉన్నప్పుడు ఒళ్లు ఇనుమును లోపలే దాచేసుకుంటుంది, మాత్రలు వేసినా పెద్దగా పట్టదు, జబ్బు తగ్గితే రక్తం దానంతటదే పుంజుకోవచ్చు అన్నారు. జింక్, తెల్ల సిరప్ బంద్. రిఫాంపిసిన్ పరగడుపున, నీళ్లతో. తర్వాత జ్వరం నెమ్మదిగా దిగుతూ వచ్చింది. దీనివల్లే తగ్గిందని నేను పరీక్ష పెట్టి నిరూపించలేను, కానీ కోర్సులో మారింది ఇదొక్కటే. ఆ మధ్యలో అక్క తనే రెండు మూడుసార్లు ఫోన్ చేసి, "సాయంత్రం జ్వరం ఎంతుంది? అప్పాజీ నీళ్లు తాగుతున్నారా?" అని కనుక్కున్నారు. ఒకసారి రిఫాంపిసిన్ వల్ల మూత్రం నారింజ రంగులో వస్తే రక్తమేమోనని నాయన హడలిపోయాడు. ఆమే ఫోన్‌లో ధైర్యం చెప్పారు.

కోపం దాచుకోలేను. అంత పెద్ద ఆసుపత్రిలో ఎముకలకొకరు, రక్తానికొకరు, ఇన్ఫెక్షన్‌కొకరు. ఎవరి మాత్ర వాళ్లు రాశారు. అందరి మాత్రలూ చేరేది ఒకే కడుపులోకి కదా! ఆ చీటీ మొత్తాన్ని ఒక్క మనిషైనా పైనుంచి కిందిదాకా చదవలేదా? ఇన్సూరెన్స్ గురించి చెప్పడానికి ఏసీ గదిలో ముగ్గురున్నారు. మాత్రల గురించి చెప్పడానికి ఒక్క కుర్చీ లేదు. మందు ఇచ్చేటప్పుడు ఫార్మసిస్టు రోగికి విడమరిచి చెప్పాలని 2015 ఫార్మసీ ప్రాక్టీస్ నిబంధనల్లోనే ఉంది. ఆసుపత్రి కింది అంతస్తు ఫార్మసీలో మాకు దొరికింది టోకెను, బిల్లు, కవరు. మేం తెచ్చుకున్న జింక్ డబ్బా మీద కూడా యాంటీబయాటిక్‌కు దూరంగా వాడమన్న మాట ఎక్కడా లేదు. మళ్లీ చేర్చి ఉంటే, ఇంజెక్షన్లు పొడిచి ఉంటే, ఆ లక్షలు ఎవరిచ్చేవారు? నాయన ఒక ఆవును అమ్మేద్దామని అప్పటికే బేరం మాట్లాడుతున్నాడు.

మా ఆయన, తమ్ముడు, వదిన అందరూ ఎంత చేశారో వాళ్లకు తెలుసు, నాకు తెలుసు. విడిగా థ్యాంక్స్ అంటే తిడతారు. అమ్మ ఊళ్లో ఒక్కతే ఆవుల్ని చూసుకుంటోంది.

అయ్యో, ఇంత రాసి అసలు వాళ్లను మర్చిపోయాను. ఆఫీసులో నా పని కూడా మీదేసుకుని చేసిన సుజాతక్కకి, వార్డులో రాత్రిళ్లు నాయన వీపు తుడిచి దుప్పటి మార్చిన ఆయమ్మకి, తెల్లవారుజామున రమ్మన్నా విసుక్కోకుండా వచ్చిన ఆటో అన్నకి, ఎమ్మారై రోజు మా బాబును స్కూల్నుంచి తెచ్చి అన్నం పెట్టిన కింది పోర్షన్ తమిళ ఆంటీకి.

ఇంకా మా ఊరి పశువుల డాక్టరు గారు! టీబీ అని ఇక్కడ తికమక పడుతుంటే, ఆవు ఈసుకుపోయిందని విని, బ్రూసెల్లా పరీక్ష చేయించమని చెప్పమ్మా అని ఫోన్‌లో అన్నది ఆయనే. ఆయన్ను ఇంత కిందికి నెట్టినందుకు మన్నించాలి. ఆయన అందరికీ చెప్పమన్నది కూడా రాస్తున్నాను: నాలుగు నుంచి ఎనిమిది నెలల వయసు పెయ్యదూడలకు ఈ రోగానికి టీకా ప్రభుత్వమే వేస్తుంది, వేయించండి. ఈసుకుపోయిన ఆవు మాయను ఒట్టి చేతుల్తో ముట్టుకోవద్దు. పాలు పచ్చివి తాగొద్దు, కాచుకునే తాగండి.

నాయనను మొదటిసారి తెచ్చినరోజు రైల్లో కుప్పం నుంచి బెంగళూరు కంటోన్మెంటు స్టేషను దాకా తను నిలబడి, మొత్తం సీటు నాయనకు పడుకోవడానికిచ్చిన కాలేజీ అబ్బాయి కూడా ఉన్నాడు. పేరు అడగలేదు బాబూ. నువ్విది చదివితే, నాయన ఇప్పుడు గేటు దాకా ఒక్కడే నడుస్తున్నాడు.