కూపన్ ముందువైపు ఒక మాట, వెనకవైపు ఇంకో మాట

గుంటూరు,
03-11-2025.

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

విషయం: మీరిచ్చిన కూపన్లు చెల్లవనడం, ఆఫర్ సరుకు లేకపోవడం, రాక్ మీద ఒక ధర ఉంటే బిల్లులో మరో ధర వేయడం గురించి.

అయ్యా,

గుంటూరులోని మీ సూపర్ మార్కెట్‌లో మేం ఆరేళ్లుగా నెల సరుకులు కొంటున్నాం. నిన్న, ఆదివారం, అక్కడ జరిగింది చెప్పాలని ఈ ఉత్తరం రాస్తున్నాను. బిల్లు కొట్టిన అమ్మాయి మీద నాకేం కోపం లేదు. "సిస్టమ్ తీసుకోవట్లేదు మేడమ్" అని రెండుసార్లు మర్యాదగానే చెప్పింది. ఆ సిస్టమ్‌లో ఏం పెట్టాలో నిర్ణయించేది మీరు కాబట్టి మీకే రాస్తున్నాను.

మా ఇంట్లో ఐదుగురం. మా ఆయన జీతం ఒక్కటే ఆధారం. బియ్యం 26 కిలోల బస్తా మిల్లు దగ్గర తీసుకుంటాం, కూరగాయలు రైతు బజారులో. పప్పులు, నూనె, పంచదార, సబ్బులు, మిగతా కిరాణా అంతా మీ దగ్గరే. ఏ నెలలో ఏది ఎంతకు కొన్నానో నోటుబుక్కులో రాసుకుంటాను. నూనె ఆఫర్లో ఉన్న నెల రెండు నెలలకు సరిపడా తెచ్చుకుంటాను, ఆ తర్వాతి నెల దాని జోలికి పోను. కూపన్లు పిల్లల ఫీజుల రసీదులతో పాటు బీరువాలో దాస్తాను. ఇలా చూసుకుంటే నెలకు నాలుగైదు వందలు మిగులుతాయి. అవి మా పాప ట్యూషన్‌కి వెళతాయి.

అక్టోబరులో 3,000 రూపాయలు దాటి కొన్నందుకు మీరు నాలుగు కూపన్లు ఇచ్చారు. ఒక్కో వెయ్యి రూపాయల కొనుగోలుకు 100 రూపాయలు తగ్గింపు, నవంబరు 1 నుంచి 10 లోపు వాడుకోవాలి. మొన్న శనివారం పేపర్‌తో మీ పాంప్లెట్ కూడా వచ్చింది, అందులో కందిపప్పు కిలో 109 రూపాయలు. కార్తీక మాసం కదా, ఇంట్లో నాన్‌వెజ్ వండం, పప్పు ఎక్కువే పడుతుంది. మూడు కిలోలు రాసుకున్నాను. మొత్తం సరుకు 4,205 రూపాయలు, కూపన్లు పోను 3,805 కట్టాలి అని ఇంట్లోనే లెక్క వేసుకుని వచ్చాను.

కట్టింది 4,218. తేడా 413 రూపాయలు.

అందులో 300 కూపన్ల దగ్గరే పోయింది. నూనె, పంచదార, పప్పులు, ఆఫర్లో ఉన్న వస్తువులు లెక్కలోకి రావట, అవి తీసేస్తే నా కొనుగోలు 1,146 రూపాయలేనట, అందుకని ఒక్క కూపనే చెల్లుతుందట. అలా అని ఎక్కడ రాశారని అడిగితే కూపన్ వెనక చూడమన్నారు. ముందువైపు "100 రూపాయలు తగ్గింపు" అని తెలుగులో బొటనవేలంత అక్షరాలు. వెనక ఇంగ్లీషులో చీమల బారులాంటి నాలుగు లైన్లు. ఇంటికొచ్చాక మా అబ్బాయి ఫోన్‌లో ఫొటో తీసి పెద్దది చేస్తే గానీ చదవలేకపోయాం. కిరాణా కొట్లో నూనె, పప్పులు, పంచదార తీసేస్తే ఇంక నెల సరుకుల్లో మిగిలేది ఏముంటుందో మీరే చెప్పండి. ఆ సంగతి అక్టోబరులోనే తెలిసుంటే 3,000 దాటించడానికి అవసరం లేని బిస్కెట్లు, నూడుల్స్ బండిలో వేసుకునేదాన్నే కాదు. నాకు ఎక్కువ బాధనిపించింది ఇక్కడే.

కందిపప్పు సంగతి కూడా అంతే. ఆఫర్ మొదలైంది ఆదివారమే. నేను వచ్చింది పదిన్నరకి. అప్పటికే స్టాక్ అయిపోయిందన్నారు. పక్కనే 138 రూపాయల పప్పు మాత్రం గుట్టగా ఉంది. మూడు కిలోలకు 87 రూపాయలు ఎక్కువ పడింది. స్టాక్ ఉన్నంతవరకే అని పాంప్లెట్‌లో ఎక్కడా లేదు, ఆ కాగితం నా దగ్గరే ఉంది. మిగిలిన 26 రూపాయలు బట్టల పౌడర్‌వి. రాక్ మీద చీటీ 199, బిల్లులో 225. పాత చీటీ తీయడం మర్చిపోయామన్నారు.

ఇంకో రెండు సంగతులు చెబుతాను. వీటిలో నేను డబ్బు పోగొట్టుకోలేదు, కానీ నాలాంటి వాళ్లు చాలామంది పోగొట్టుకుంటున్నారు. మినపగుళ్లు 400 గ్రాముల ప్యాకెట్ 78 రూపాయలు, రెండు కొంటే 15 తగ్గింపు అని ఎర్ర బోర్డు పెట్టారు. అంటే 800 గ్రాములకు 141, కిలోకి 176 పైన. ఆ కింది అరలోనే కిలో ప్యాకెట్ 165కి ఉంది, దానికి బోర్డు లేదు. కిలో లోపు ప్యాకెట్ మీద ధర గ్రాముకు ఇంత అని వేస్తారు, అది చూసి ఎవరు పోల్చుకోగలరు? నా ముందే ఒక పెద్దావిడ ఆ చిన్న ప్యాకెట్లు నాలుగు తీసుకుంటుంటే ఆపి కిలోది చూపించాను. రాక్ చీటీ మీద కిలో ధర వేస్తే ఈ బాధ ఉండదు.

రెండోది సబ్బులు, షాంపూలు, టూత్‌పేస్టుల దగ్గర "మా ప్రత్యేక తగ్గింపు" బోర్డు. వాటి మీద జీఎస్టీ సెప్టెంబరు 22 నుంచి 18 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. పన్నుతో కలిపి 118 రూపాయలు ఉన్నది 105 కావాల్సిందే. ఆ 13 రూపాయలు ప్రభుత్వం తగ్గించిన పన్ను. దాన్ని మీ డిస్కౌంట్ అని రాయడం న్యాయం కాదు.

తప్పుదోవ పట్టించే ప్రకటనల మీద కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జూన్‌లో మార్గదర్శకాలు ఇచ్చింది. ప్రకటన ఏ భాషలో ఉంటే షరతులూ ఆ భాషలోనే, కనబడేలా ఉండాలని, ఆ ధరకు అమ్మేందుకు సరిపడా సరుకు పెట్టుకోకుండా జనాన్ని రప్పించకూడదని అందులో ఉంది. మీకు తెలియనిది కాదు. అయినా నేను చదివే రాస్తున్నానని మీకు తెలియాలి.

నాకు రావలసిన 413 రూపాయలు తిరిగి ఇప్పించండి. పాయింట్లుగా వద్దు, డబ్బుగానే కావాలి. కూపన్ దేనికి చెల్లదో తెలుగులో, ముందువైపే, చదవగలిగే అక్షరాల్లో అచ్చు వేయండి. పాంప్లెట్‌లో వేసిన సరుకు అయిపోతే అదే ధరకు తర్వాత ఇస్తామని చీటీ రాసివ్వండి. మా వీధి చివర చిన్న కిరాణా కొట్టాయన అలాగే చేస్తాడు, రేపు రండమ్మా అని చెప్పి అదే ధరకు ఇస్తాడు.

పదిహేను రోజుల్లో జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేస్తాను, అప్పటికీ కాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళతాను. 5 లక్షల లోపు కొనుగోలుకు అక్కడ ఫీజు కూడా లేదని తెలుసుకున్నాను.

బిల్లు, పాంప్లెట్, కూపన్ రెండువైపుల నకళ్లు, రాక్ చీటీ ఫొటో జత చేశాను. నా కార్డు నంబరు బిల్లు మీదే ఉంది. నిన్నటి బిల్లుకు డిసెంబరులో వాడుకోమని మళ్లీ నాలుగు కూపన్లు ఇచ్చారు. అవి పప్పు, నూనెలకు చెల్లుతాయో లేదో కూడా జవాబులో రాయండి. అది చూశాకే వచ్చే నెల చీటీ రాసుకుంటాను.

ఇట్లు,
మీ పాత కస్టమర్.