కార్టన్ విప్పి ఇస్తాం, అప్పు మాత్రం 30 రోజులే

విజయవాడ గోడౌన్ నుంచి చెప్పులు, బూట్లు తీసుకునే మా షాపుల వారందరికీ నమస్కారం. వేసవి బుకింగుకి మా కుర్రాళ్లు శాంపిల్ బ్యాగులు పట్టుకుని మీ దగ్గరికి రాకముందే, ఈసారి మారిన రెండు పద్ధతుల గురించి నేనే చెబుదామని రాస్తున్నాను. ఒకటి మీకు నచ్చుతుంది. రెండోది నచ్చదు.

నచ్చేదాంతో మొదలుపెడతాను. "8 సైజు అడిగితే 10 అంటగడతారేంటండీ" అని మమ్మల్ని తిట్టని షాపు లేదు. ఫ్యాక్టరీ నుంచి మగవాళ్ల చెప్పులు ఒక్కో సైజు ఒక్కో పెట్టెగా రావు. 6 నుంచి 10 దాకా కలిపి కార్టన్ కట్టి పంపుతారు. మధ్య సైజులు రెండేసి, చివరివి ఒక్కోటి, ఇలా వాళ్ల లెక్క వాళ్లకుంటుంది. ఆ లెక్క దేశమంతటికీ ఒకటే. మన వైపు 7, 8 ముందు ఎగిరిపోతాయి, 6, 10 అటక మీద మిగిలిపోతాయి. ఫోన్లో మీరు "ఆ ఆర్టికల్‌లో (అంటే ఆ మోడల్‌లో) 8 సైజు మూడు జతలు" అన్నప్పుడు మేం లేదన్నామంటే, గోడౌన్లో లేదని కాదు. సీలు వేసిన కార్టన్లలో ఉంది. విప్పితే మిగతా సైజులు నా నెత్తిన పడతాయి. ఒక్క ఆర్టికల్, మూడు రంగులు, ఐదు సైజులు అంటే అప్పటికే పదిహేను రకాలు. గోడౌన్లో ఆర్టికల్స్ వందల్లో ఉన్నాయి.

ఇప్పుడు గోడౌన్లో ఒక వరస ర్యాకులు విడి జతలకే కేటాయించాం. బాగా తిరిగే ఆర్టికల్స్ మాత్రం విప్పి సైజుల వారీగా పెడుతున్నాం. విడిగా తీసుకుంటే జతకి 5 రూపాయలు ఎక్కువ పడుతుంది. విప్పడం, లెక్క రాయడం, మళ్లీ ప్యాక్ చేయడం ఒక మనిషి పని, ఆ జీతం ఇందులోంచే రావాలి. కార్టన్‌గా తీసుకునేవారికి పాత రేటే.

"కంపెనీ స్కీము (తగ్గింపు ఆఫరు) ఉన్నప్పుడే ఎక్కువ లాగి పెట్టుకుంటే సైజులు అయిపోవు కదా" అని అడిగేవాళ్లున్నారు. బియ్యం బస్తాలైతే అలాగే చేసేవాణ్ణి. పీయూ సోలు (పాలీయురేథేన్ అనే నురుగులాంటి ప్లాస్టిక్‌తో చేసే అడుగు భాగం) వాడకపోయినా పాడవుతుంది. గాలిలో తేమ దాని లోపల పనిచేస్తూనే ఉంటుంది. కొన్నేళ్లు నిలవ ఉన్న జత పైకి కొత్తగానే కనిపిస్తుంది, కస్టమరు వేసుకుని నాలుగడుగులు వేయగానే నానిన బిస్కెట్‌లా రాలిపోతుంది. మన కోస్తా ఉక్కపోతలో ఇది ఇంకా త్వరగా జరుగుతుంది. ఈవీఏ చెప్పులకు (రబ్బరులా మెత్తగా, తేలిగ్గా ఉండే రకం) తేమతో బాధ లేదు కానీ ఎండ పడదు, వేడికి కుంచించుకుపోతాయి. షాపు ముందు ఎండలో వేలాడదీసిన 8 సైజు సాయంత్రానికి 8గా ఉంటుందని నేను హామీ ఇవ్వలేను. అందుకే కొనుగోలు తక్కువ తక్కువగా, తరచుగా చేస్తున్నాను. పెట్టె మీద తయారీ నెల, సంవత్సరం ఉంటాయి, మీరూ పాతది ముందు అమ్మండి.

తరచుగా తెప్పిస్తే కిరాయి ఎక్కువవుతుంది, అదీ నిజమే. ఆగ్రా, హర్యానాలోని బహదూర్‌గఢ్ ఫ్యాక్టరీల సరుకు లారీ నిండా తెప్పించేంత వ్యాపారం నాకు లేదు. పార్శిల్‌గా వస్తుంది, దారిలో బండి మారుతుంది. చెప్పుల సరుకు బరువు తక్కువ, చోటు ఎక్కువ, కాబట్టి కిరాయి కిలోలకు కాకుండా కార్టన్ల లెక్కన పడుతుంది. తమిళనాడులోని అంబూరు తోలు సరుకుతో ఈ బాధ అంతగా లేదు, అది దగ్గరే.

ఆడవాళ్ల ఫ్యాన్సీ రకాలు కొనేముందు నేను కంపెనీ క్యాటలాగ్ కంటే ముందు పంచాంగం చూస్తాను. నవ్వకండి. ముహూర్తాలు లేని నెలలో రాళ్ల చెప్పులు ఎవరు కొంటారు? 2026లో జ్యేష్ఠం అధికమాసం పడింది, మే 17 నుంచి జూన్ 15 దాకా. ఆ నెల రోజులూ పెళ్లి ముహూర్తాలు ఉండవు. అందుకని ఫ్యాన్సీ సరుకు ఏప్రిల్ మొదటివారానికే దింపుతున్నాను, మే నెల ఆర్డరు బాగా తగ్గించాను. మీరు మేలో అడిగితే కొత్త డిజైన్లు ఉండవు, ఇప్పుడే చెబుతున్నాను.

స్కూలు బూట్లు కూడా ఆచితూచే బుక్ చేశాను. ప్రభుత్వ బడుల పిల్లలకు ప్రభుత్వం ఇచ్చే కిట్‌లోనే బూట్లు, సాక్సులు వస్తున్నాయి. పల్లె షాపుల వారు పాత అలవాటు కొద్దీ పెద్ద ఆర్డరు ఇవ్వకండి. ప్రైవేటు స్కూళ్లు ఎక్కువున్న టౌన్లలో గిరాకీ అలాగే ఉంది.

ఇక నచ్చని సంగతి. ఇకనుంచి బిల్లు తేదీ నుంచి 30 రోజులే గడువు. ఆగ్రాలో నాకు సరుకిచ్చేవాళ్లు చాలామంది చిన్న తయారీదారులు. ఆదాయపు పన్ను చట్టంలో 2024-25 మదింపు సంవత్సరం (అంటే 2023-24 ఆదాయం లెక్క) నుంచి అమల్లోకి వచ్చిన నిబంధన ప్రకారం, సూక్ష్మ, చిన్న తయారీదారులకు రాతపూర్వక ఒప్పందం ఉంటే ఎక్కువలో ఎక్కువ 45 రోజుల్లో, లేకపోతే 15 రోజుల్లో డబ్బు కట్టాలి. గడువు దాటి, ఏడాది చివరికీ కట్టకపోతే ఆ కొనుగోలును ఆ ఏడాది ఖర్చుగా ఒప్పుకోరు. అంటే రాని లాభానికి నేను పన్ను కట్టాలి. వాళ్లకు నేను 45 రోజుల్లో కడుతూ, మీ దగ్గర 75, 90 రోజులకు వసూలు చేసుకుంటే మధ్యలో నడిచేది బ్యాంకు వడ్డీయే. తయారీదారులకున్న ఈ రక్షణ నాలాంటి వ్యాపారికి లేదు, కాబట్టి చట్టం చూపించి మిమ్మల్ని అడగలేను, మామూలుగానే అడుగుతున్నాను.

కొందరు జీఎస్టీ సంగతి ఎత్తుతున్నారు: "పన్ను తగ్గింది కదా, మీకు వెసులుబాటు వచ్చిందిగా". 2025 సెప్టెంబరు 22 నుంచి జత 2,500 రూపాయల దాకా 5 శాతమే, నిజమే. అంతకుముందు 1,000 దాకా 12, దాటితే 18 ఉండేది. రేట్లు ఆ రోజే తగ్గించి బిల్లు వేశాం. కానీ పాత సరుకు మీద నేను కట్టిన 12, 18 శాతం నాకు నగదుగా తిరిగి రాదు, జీఎస్టీ ఖాతాలో జమగా కూర్చుంటుంది, అమ్మకాల మీద కొంచెం కొంచెంగా సర్దుకోవాలి. తగ్గిన పన్ను మీ కస్టమరుకి చేరింది, నా పెట్టుబడి మాత్రం కొన్నాళ్లు అక్కడే ఇరుక్కుంది.

పాత బాకీలకు ఉగాది దాకా ఆగుతాను, వడ్డీ వేయను. ఆ తర్వాత బాకీ ఉన్న ఖాతాకు కొత్త సరుకు నగదు మీదే. వారంలోపు కట్టేవారికి 2 శాతం తగ్గింపు ఉంటుంది. విడి జతల్లో ఏ సైజులున్నాయో ప్రతి సోమవారం వాట్సాప్‌లో పెడతాం, ఆ రోజు మధ్యాహ్నం లోపు చెప్పినవి మర్నాడు ట్రాన్స్‌పోర్టుకి వేస్తాం.